ఇంటి తోటకు పూలపొదలు: చోటు ఎంపిక నుంచి కొమ్మ కత్తిరింపు దాకా

నర్సరీలో విరగబూసిన మొక్కను చూసి ముచ్చటపడి తెచ్చుకుంటాం. ఆర్నెల్లు తిరిగేసరికి అది పచ్చగా, నిండుగా, ఒక్క పువ్వు లేకుండా నిలబడి ఉంటుంది. ఎరువు సరిపోలేదేమోనని ఇంకాస్త వేస్తాం. ఆకులు ఇంకాస్త పెరుగుతాయి, పూలు మాత్రం రావు. ఇందులో మొక్క తప్పేమీ లేదు. నర్సరీలో రోజంతా ఎండలో ఉన్నది ఇంటికొచ్చి గోడ నీడలో పడింది, లేదా ఏడాది పొడవునా మొగ్గ కట్టిన కొమ్మలనే మనం కత్తిరించేశాం. పూలపొద పూయకపోవడానికి కారణం చాలాసార్లు ఈ రెండింట్లో ఒకటే. ఎరువులదీ మందులదీ ఆ తర్వాతి స్థానం. అందుకే ఇక్కడ చోటుకూ కత్తిరింపుకూ ఎక్కువ జాగా ఇచ్చాం.

ముందు ఎండను కొలవండి

'ఇక్కడ ఎండ బాగానే పడుతుంది' అనే అంచనా దాదాపు ఎప్పుడూ తప్పుతుంది. మనం చోటును చూసేది ఏదో ఒక పూట మాత్రమే. ఒక సెలవు రోజున ఉదయం 7 నుంచి సాయంత్రం 5 దాకా గంటకోసారి ఒకే చోట నిలబడి ఫోన్‌తో ఫొటో తీయండి. నేల మీద నేరుగా ఎండ పడిన గంటలు లెక్కపెట్టండి. ఆకుల సందుల్లోంచి చుక్కలు చుక్కలుగా పడేది ఎండ కింద లెక్క కాదు. చలికాలంలో సూర్యుడు కిందుగా నడుస్తాడు కాబట్టి గోడ నీడ బాగా పొడవవుతుంది. ఎండాకాలంలో కొలిస్తే ఆ సంగతి తెలియదు. వీలైతే రెండు కాలాల్లోనూ చూడండి.

లెక్క ఇలా పెట్టుకోండి. ఆరు గంటలు, ఆపైన నేరుగా ఎండ పడితే దాన్ని పూర్తి ఎండ అనుకోవాలి. మూడు నుంచి ఐదు గంటలైతే అరనీడ. అంతకంటే తక్కువైతే నీడే. అరనీడలో కూడా ఉదయపు ఎండకూ సాయంత్రపు ఎండకూ తేడా ఉంది. ఉదయం పూట నాలుగు గంటల పాటు పడే ఎండ లేత ఆకులకు మేలు చేస్తుంది. పడమటి గోడ పక్కన మధ్యాహ్నం నుంచి నాలుగు గంటల పాటు ఎండ పడితే గోడ కూడా వేడెక్కి ఆ వేడిని రాత్రి దాకా వదులుతుంది. హైడ్రేంజియా, అజేలియా లాంటివి ఆ చోట ఆకు అంచులు మాడి వాడిపోతాయి. కాగితం పూల మొక్కకూ గన్నేరుకూ అదే చోటు నచ్చుతుంది.

పెరిగాక ఎంత వెడల్పో తెలుసుకోండి

నర్సరీ సంచిలో అన్ని మొక్కలూ అడుగున్నరే ఉంటాయి. అయిదేళ్ల తర్వాత కనకాంబరం మోకాలు దాటదు, పారిజాతం ఇంటి చూరును అందుకుంటుంది. కొనే ముందు ఎత్తు కంటే వెడల్పు అడిగి తెలుసుకోండి. మొక్కను గోడకు పూర్తి వెడల్పులో సగం, దాని మీద ఇంకో 30 సెంటీమీటర్లు కలిపి అంత దూరంలో పెట్టాలి. రెండు మీటర్లు విస్తరించే మందారానికి గోడ నుంచి 1.3 మీటర్లు వదలాలన్నమాట. నాటిన రోజు అది వెర్రి దూరంలా కనిపిస్తుంది. మూడో ఏడు దాకా ఆగండి. ఈలోగా ఖాళీలో ఏడాది మొక్కలు వేసుకోవచ్చు.

దగ్గరగా నాటితే గాలి ఆడక బూడిద తెగులు, పిండినల్లి చేరతాయి. అవి వచ్చాయని కత్తిరిస్తాం, కత్తిరించామని పూలు తగ్గుతాయి. కంచెలా దట్టంగా కావాలనుకున్నప్పుడు మాత్రం పూర్తి వెడల్పులో సగం దూరానికి ఒకటి నాటుకోవచ్చు.

ఏ చోటికి ఏ పొద

పూర్తి ఎండ, వెచ్చటి వాతావరణం ఉంటే ఎంపికకు కొదవ లేదు. మందారం ఏడాదిలో ఎక్కువ కాలం పూస్తుంది. అయితే చాలా రకాల్లో ఒక్కో పువ్వు ఒక్క రోజే ఉంటుంది కాబట్టి రోజూ కొత్త మొగ్గలు తయారుచేసుకోవాలి. అందుకే దానికి ఆకలి ఎక్కువ. నూరు వరహాలు నిదానంగా పెరుగుతుంది, గుత్తులు వారాల తరబడి నిలుస్తాయి, పుల్లటి (ఆమ్లగుణమున్న) నేల అడుగుతుంది. గులాబీకి ఎండతో పాటు గాలి, ఓపిక కూడా కావాలి. టెకోమా, రత్నగంధి త్వరగా పెరిగి మొదటి ఏడాదే పూస్తాయి. కాగితం పూల మొక్కకు నీళ్లు తక్కువైతేనే పూలు ఎక్కువ. మనం పువ్వు అనుకునే రంగు రేకులు నిజానికి రంగు మారిన ఆకులు. వాటి నడుమ సన్నటి గొట్టంలా తెల్లగా ఉండేదే అసలు పువ్వు.

అరనీడకు ఒక్కదాన్నే చెప్పమంటే నందివర్ధనం. ముదురు పచ్చ ఆకులు, తెల్లటి పూలు, నేల విషయంలో పేచీ లేదు, తెగుళ్లు తక్కువ. కనకాంబరం, డిసెంబరు పూలు, గార్డీనియా కూడా అరనీడలో పూస్తాయి. చల్లటి ప్రాంతాల్లో ఈ చోటు హైడ్రేంజియాకు, అజేలియాకు, కమెలియాకు చెందుతుంది.

పూర్తి నీడలో పూలపొద పెట్టకండి. ఏ మొక్క పేరు చెప్పి అమ్మినా సరే. అక్కడ ఆకుల అందం ఉన్న మొక్కలు పెట్టుకోవడం మేలు.

వాతావరణాన్ని మోసం చేయలేం. లైలాక్‌కు మొగ్గ విచ్చుకోవాలంటే దీర్ఘమైన చలి కావాలి, వెచ్చటి చోట అది ఆకులతోనే బతుకుతుంది. అలాగే నూరు వరహాలు, మందారం మంచుకు తట్టుకోవు. గడ్డకట్టే చలి ఉన్నచోట వాటిని కుండీలో పెంచి చలికాలం లోపలికి తీసుకోవాలి.

పిల్లలు, పెంపుడు జంతువులు తిరిగే ఇల్లైతే ఇంకో వడపోత. గన్నేరు, పచ్చ గన్నేరు వేరు నుంచి గింజ దాకా విషమే, గుండె మీద పనిచేసే విషం. కత్తిరించిన కొమ్మలను కాల్చినా పొగ ప్రమాదకరం. అజేలియా ఆకులు కూడా కుక్కలకూ పిల్లులకూ మేకలకూ విషం. లాంటానా పూలు ముచ్చటగా ఉన్నా, పక్షులు గింజలు మోసుకుపోయి అడవులను ఆక్రమించిన చరిత్ర దానికి చాలా దేశాల్లో ఉంది. పశువులు తింటే కాలేయం దెబ్బతింటుంది. తోటలోకి కొత్తగా తెచ్చుకోకపోవడమే మంచిది.

నర్సరీలో ఏం చూడాలి

పూలు చూడకండి. రెండు మొక్కల్లో ఒకటి నిండా పూసి, ఇంకోటి మొగ్గలు కూడా లేకుండా అడుగు నుంచే నాలుగైదు కొమ్మలు వేసి ఉంటే రెండోదే తీసుకోండి. పూసిన మొక్క తన బలమంతా పూలకు ఖర్చుపెట్టింది, నాటాక వేళ్లకు మిగిలేది తక్కువ.

తర్వాత ఆకు తిప్పి వెనకవైపు చూడండి. తెల్లటి దూదిలాంటి ముద్దలున్నా, సన్నటి సాలెగూడులాంటి దారాలున్నా, కొమ్మ గణుపుల దగ్గర చీమలు బారులు తీరినా ఆ మొక్క వద్దు. చీమలు ఊరికే రావు, పిండినల్లి వదిలే తీపి జిగురు కోసం వస్తాయి.

ఆఖరి పరీక్ష వేళ్లకు. కుండీ అడుగు రంధ్రం నుంచి లావు వేరు బయటికి పాకి ఉంటే ఆ మొక్క అందులో చాలాకాలంగా ఇరుక్కుని ఉందని అర్థం. వీలైతే కుండీని పక్కకు వంచి మొక్కను కొద్దిగా బయటికి లాగి చూడనివ్వమని అడగండి. తెల్లటి లేత వేళ్లు మట్టి అంచున అక్కడక్కడా కనిపించాలి. గోధుమ రంగు వేళ్లు తాడు చుట్టినట్టు గుండ్రంగా తిరిగి ఉంటే, నేలలో నాటినా అవి అలాగే తిరుగుతూ కొన్నేళ్లకు మొక్క మొదలునే బిగించేస్తాయి.

నేల పరీక్ష: ఒక బకెట్ నీళ్లు చాలు

నాటాలనుకున్న చోట 30 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు గొయ్యి తీసి నీళ్లు నింపండి. అవి ఇంకిపోయాక మళ్లీ నింపి, ఒక కర్ర నిలబెట్టి నీటి మట్టం దగ్గర గీత పెట్టండి. గంట తర్వాత ఎంత దిగిందో కొలవండి. 2.5 నుంచి 7.5 సెంటీమీటర్లు దిగితే ఏ పొదకైనా ఆ నేల బాగుంటుంది. అంతకంటే వేగంగా దిగితే ఇసుక ఎక్కువ, ఆ మట్టిలో కంపోస్టు బాగా కలపాలి, నీళ్లు తరచుగా పెట్టాలి. సెంటీమీటరు కూడా దిగకపోతే అక్కడ గొయ్యి తీసి నాటొద్దు. నేల మీదే 25–30 సెంటీమీటర్ల ఎత్తున మట్టి మడి కట్టి అందులో నాటండి.

బంకమట్టిలో చాలామంది చేసే పని ఒకటుంది. లోతుగా గొయ్యి తవ్వి, ఆ మట్టి పారేసి, సగం ఎరువు కలిపిన గుల్ల మట్టి నింపుతారు. చూడ్డానికి మంచి పనే. కానీ చుట్టూ నీరు ఇంకని బంక, నడుమ గుల్ల మట్టి ఉంటే ఆ గొయ్యి తొట్టి అయిపోతుంది. వాననీరంతా అందులోకే దిగి నిలుస్తుంది, వేళ్లు ఊపిరాడక కుళ్లుతాయి. తవ్విన మట్టినే తిరిగి వాడాలి. కంపోస్టు కలిపినా అయిదింట ఒక వంతు దాటనీయొద్దు.

పుల్లటి నేల కోరే మొక్కలకు ఇంకో చిన్న పరీక్ష చేయండి. ఎండిన మట్టి ఒక చెంచా తీసుకుని దాని మీద వెనిగర్ పోయండి. బుసబుసమని పొంగితే అందులో సున్నం ఉంది. కొత్తగా కట్టిన ఇళ్ల గోడల పక్కన ఇది సర్వసాధారణం, సిమెంటు పెళ్లలూ సున్నపు రజనూ మట్టిలో కలిసిపోయి ఉంటాయి. అక్కడ నూరు వరహాలు పెడితే లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా ఉండి మిగతాదంతా పసుపుకు తిరుగుతాయి. నూరు వరహాలు, గార్డీనియాలకు పీహెచ్ (నేల పులుపును చూపే కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5 నుంచి 6 మధ్య ఉంటే హాయి, అజేలియాకు 4.5 నుంచి 6 మధ్య. సున్నం ఉన్న నేలను ఏళ్ల తరబడి మార్చుకుంటూ పోవడం కంటే ఈ మొక్కలను గోడకు దూరంగానో కుండీలోనో పెట్టడం సులువు.

నాటే విధానం

ఎండ తగ్గాక సాయంత్రం పూట, లేదా మబ్బు పట్టిన రోజున నాటండి. వానలు మొదలైన కొత్తల్లో నాటితే వెచ్చటి ప్రాంతాల్లో బాగా నాటుకుంటుంది. గడ్డకట్టే చలి ఉన్నచోట చలికాలం దాటాక నాటాలి.

1. నాటడానికి గంట ముందు మొక్క ఉన్న సంచిని బకెట్ నీటిలో బుడగలు ఆగేదాకా ముంచి తీయండి. పొడి మట్టిముద్ద నాటాక నీటిని పీల్చుకోదు, చుట్టూ తడిసినా నడుమ ఎండిపోయే ఉంటుంది.

2. గొయ్యి వెడల్పు మట్టిముద్దకు రెండు నుంచి మూడు రెట్లు ఉండాలి. లోతు మాత్రం మట్టిముద్ద ఎత్తుకు సమానం, ఒక్క అంగుళం కూడా ఎక్కువ వద్దు. కొత్త వేళ్లు కిందికి కంటే పక్కలకే ఎక్కువ పరుగెడతాయి. గొయ్యి గోడలు గడ్డపార నున్నగా రాసినట్టు మెరుస్తుంటే వాటిని గీరి గరుకు చేయండి.

3. సంచిని కోసి తీయండి, మొక్కను మొదలు పట్టి లాగొద్దు. చుట్టుకుపోయిన వేళ్లుంటే మట్టిముద్ద చుట్టూ మూడు నాలుగు చోట్ల పైనుంచి కిందికి 2 సెంటీమీటర్ల లోతున కత్తితో గాట్లు పెట్టండి. వేళ్లు తెగుతాయని భయపడొద్దు, తెగిన చోటి నుంచే కొత్త వేళ్లు బయటికి వెళతాయి. కాగితం పూల మొక్కకు మాత్రం ఇది చేయొద్దు. దాని వేళ్లు చాలా నాజూకు. సంచి అడుగు కోసి, గొయ్యిలో దించాక మిగతా సంచిని మెల్లగా పైకి లాగేయాలి.

4. గొయ్యి మీద అడ్డంగా ఒక కర్ర పెట్టండి. మట్టిముద్ద పైభాగం కర్రకు తగులుతూ ఉండాలి, ఒక సెంటీమీటరు పైకున్నా పరవాలేదు. మట్టి కుదురుకున్నాక ఎలాగూ కొంత దిగుతుంది. కాండం మొదలు మట్టిలో కూరుకుపోతే బెరడు ఎప్పుడూ తడిగా ఉండి కుళ్లుతుంది. నాటిన రెండో ఏడాది ఉన్నట్టుండి ఎండిపోయే పొదల్లో చాలావాటికి మూలం ఇదే.

5. తవ్విన మట్టిని సగం నింపి, నీళ్లు పోసి, అవి ఇంకాక మిగతా సగం నింపండి. కాలితో తొక్కి బిగించొద్దు. గాలి సందులు నీటితోనే పూడుతాయి.

6. చుట్టూ పాదు కట్టండి. పాదు గట్టు మొక్క మొదలుకు కాదు, మట్టిముద్ద అంచుకు కాస్త అవతల ఉండాలి.

7. ఎండుటాకులో, కొబ్బరి పీచో, చెక్క పొట్టో 5–7 సెంటీమీటర్ల మందాన పరవండి. కాండం చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ వదలండి.

నాటేటప్పుడు గొయ్యిలో రసాయన ఎరువు వేయొద్దు. తెగిన వేళ్లకు ఆ ఎరువులోని ఉప్పు తగిలితే మాడిపోతాయి.

మొదటి ఏడాది నీళ్లు

నాటిన మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు నాలుగైదు లీటర్లు, మొదలు దగ్గరే పోయాలి. వేళ్లన్నీ ఇంకా పాత మట్టిముద్దలోనే ఉంటాయి, పక్కనున్న తడి వాటికి అందదు. తర్వాత మూడు నెలల దాకా వారానికి రెండు మూడుసార్లు. ఆ తర్వాత వారానికి ఒకసారి, కానీ పాదు నిండా 10–15 లీటర్లు. రోజూ చెంబెడు పోస్తే పై రెండంగుళాలే తడుస్తాయి, వేళ్లు అక్కడే తిరుగుతాయి, రెండు రోజులు ఊరెళ్తే చాలు మొక్క వాడిపోతుంది.

ఈ లెక్కలు మధ్యరకం నేలకు. ఇసుక నేలలో ఇంకా తరచుగా, బంకమట్టిలో ఇంకా ఎడంగా పోయాలి. అనుమానమొస్తే వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చండి. చల్లగా తడి తగిలితే ఈ రోజు నీళ్లు వద్దు. మధ్యాహ్నం ఆకు వాలినా సాయంత్రానికి లేస్తే కంగారు లేదు. ఉదయం కూడా వాలి ఉంటేనే నీళ్ల సమస్య. అప్పుడు కూడా వేలు గుచ్చకుండా పోయొద్దు, ఎందుకంటే వేరు కుళ్లిన మొక్క కూడా అచ్చం అలాగే వాలుతుంది.

ఎరువు

నత్రజని ఆకునిస్తుంది, భాస్వరం వేరుకూ పూతకూ, పొటాష్ కొమ్మ గట్టిదనానికీ పూల నాణ్యతకూ అని అందరూ చెప్పే మాటే. నిజమే కానీ దాన్నుంచి 'భాస్వరం ఎంత వేస్తే అన్ని పూలు' అనే చోటికి వెళ్లకూడదు. మట్టిలో భాస్వరం పేరుకుంటే మొక్క ఇనుపధాతువును తీసుకోలేదు. మందారం, నూరు వరహాలు ఈ విషయంలో మరీ సున్నితం. ఎముకల పొడి ప్రతి రెండు నెలలకూ వేసే అలవాటు ఉంటే మానేయండి.

నేలలో ఉన్న పొదకు ఏడాదికి రెండుసార్లు, కత్తిరింపు అయ్యాక ఒకసారి, వానల తర్వాత ఒకసారి, రెండు మూడు కిలోల బాగా చివికిన పశువుల ఎరువు లేదా కంపోస్టు, అందులో 100 గ్రాముల వేపపిండి కలిపి వేస్తే చాలు. మొదలు దగ్గర కాకుండా కొమ్మల చివరల నీడ పడే వలయంలో చల్లి పైమట్టిని తేలిగ్గా గీరండి. మందారానికీ గులాబీకీ అదనంగా పూసే కాలంలో పదిహేను రోజులకోసారి లీటరు నీటికి 2 గ్రాముల నీటిలో కరిగే ఎరువు పోయవచ్చు. ముందు మట్టి తడిగా ఉండాలి. కాగితం పూల మొక్కకు ఎరువు ఎక్కువైతే తీగలు సాగుతాయి తప్ప రంగు రాదు.

కత్తిరింపు: మొగ్గ ఏ కొమ్మ మీద పడుతుందో తెలియాలి

పూలపొదలన్నిటినీ రెండు గంపల్లో వేసుకోవచ్చు. మొదటివి ఈ ఏడాది కొత్తగా వచ్చిన కొమ్మ చివర పూసేవి: మందారం, నూరు వరహాలు, గన్నేరు, మల్లె, కాగితం పూలు, టెకోమా, రత్నగంధి, ఏడాదిలో పలుమార్లు పూసే గులాబీలు. వీటికి ఎన్ని కొత్త చిగుళ్లు వస్తే అన్ని పూలు. ఒక కొమ్మ చివర తుంచితే దాని కింద రెండు మూడు చిగుళ్లు లేస్తాయి. కత్తిరింపు వీటికి పూలు పెంచే పని.

రెండోవి కిందటి ఏడాది కొమ్మ మీద పూసేవి: అజేలియా, కమెలియా, లైలాక్, పెద్ద ఆకుల హైడ్రేంజియా. వీటి పూత అయిపోయిన కొన్ని వారాలకే వచ్చే ఏటి మొగ్గలు కొమ్మలో తయారవడం మొదలవుతుంది. చలికాలంలో 'కాస్త నీటుగా చేద్దాం' అని కత్తిరిస్తే ఆ ఏడు పూలన్నీ చెత్తబుట్టలోకే. పూలు వాడిన వెంటనే, నెల తిరక్కుండా కత్తిరించడం తప్ప వీటికి ఇంకో వేళ లేదు. హైడ్రేంజియాలో చిక్కేమిటంటే కంకిలా పొడవుగా పూసే పానికులాటా రకం కొత్త కొమ్మ మీదే పూస్తుంది. పేరు ఒకటే, పద్ధతి రెండు.

మీ మొక్క ఏ గంపలోదో తెలియకపోతే పూత ముగిసిన వెంటనే కత్తిరించండి. ఎటు తిరిగినా నష్టం తక్కువ.

కోత ఎలా వేయాలో దగ్గరగా చూద్దాం. కొమ్మ మీద ఆకు పుట్టే చోట చిన్న బొడిపె ఉంటుంది, అదే కణుపు మొగ్గ. పొద నడిమి వైపు కాకుండా బయటి వైపు చూస్తున్న మొగ్గను ఎంచుకోండి. దానికి అర సెంటీమీటరు పైన, మొగ్గ ఉన్న వైపు ఎత్తుగా, వెనకవైపు పల్లంగా ఏటవాలుగా కోయండి. నీళ్లు మొగ్గ మీదికి కాకుండా వెనక్కి జారతాయి. రెండు సెంటీమీటర్ల పుల్ల వదిలేస్తే అది ఎండి, ఆ ఎండు మెల్లగా కిందికి దిగుతుంది. మొగ్గకు మరీ ఆనించి కోస్తే మొగ్గే ఎండిపోతుంది. కత్తెర పదునుగా లేకపోతే కొమ్మ తెగకుండా నలుగుతుంది. ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్లే ముందు స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో అంచు తుడవండి.

ఏది ఎప్పుడు తీయాలంటే వరుస ఇదీ. మొదట ఎండినవి, తెగులు పట్టినవి. తర్వాత ఒకదాన్నొకటి రాసుకునే కొమ్మల్లో బలహీనమైనది. తర్వాత నడుమ గాలి ఆడేలా లోపలికి పెరిగినవి. ఆఖరున ఆకారం. చాలామంది ఆకారంతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. పైపైన గుండ్రంగా కత్తిరిస్తూ పోతే బయట ఆకుల గొడుగు, లోపల ఎండుపుల్లల గూడు మిగులుతాయి.

ఒక విడతలో మూడో వంతు దాటి తీయొద్దు. ఏళ్లుగా పట్టించుకోని ముదురు పొదను మూడేళ్లలో బాగుచేయాలి. ప్రతి ఏడూ అన్నిటికంటే ముసలి కొమ్మల్లో మూడో వంతును నేల దగ్గరికి తీసేయండి. మల్లెకు మాత్రం ఈ నియమం వర్తించదు. చలికాలం చివర్లో నీళ్లు తగ్గించి, పొదను మోకాలి ఎత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకులు దూసేసి, ఎరువు వేసి నీళ్లు పెడితే ఒక్కసారిగా చిగురించి మొగ్గ పడుతుంది. నూరు వరహాలు దీనికి పూర్తిగా ఎదురు. గట్టిగా కత్తిరిస్తే తేరుకోవడానికి నెలలు పడుతుంది, కాబట్టి వాడిన గుత్తిని దాని కింది జత ఆకులతో సహా తీయడమే సరిపోతుంది.

అంటుకట్టిన గులాబీకి అంటు ముడి కిందినుంచి వచ్చే చిగురును కత్తిరించకండి, పుట్టిన చోటి నుంచి పక్కకు లాగి పీకేయండి. కత్తిరిస్తే ఒకటి నాలుగవుతుంది. వదిలేస్తే కొన్నేళ్లకు పై గులాబీ పోయి కింది అడవి రకమే మిగులుతుంది.

పూయకపోతే, మొగ్గ రాలితే

ఏపుగా ఆకులు, పూలు లేవు: ఎండ తక్కువ, లేదా నత్రజని ఎక్కువ. పచ్చికకు వేసే ఎరువు పక్కనున్న పొదకు అందుతోందేమో కూడా చూడండి. నత్రజని ఆపి, ఎండ గంటలు మళ్లీ లెక్కపెట్టండి. చోటు తప్పైతే మొక్కను మార్చడమే దారి.

కాగితం పూల మొక్క ఆకులేసి ఊరుకుంటే నీళ్లు ఆపండి. ఆకులు వాలడం మొదలయ్యేదాకా ఆగి, అప్పుడు కొద్దిగా పోసి, మళ్లీ ఆపాలి. ఇలా మూడు నాలుగు వారాలు చేయండి. పగలు తక్కువగా ఉండే కాలంలో ఇది బాగా పనిచేస్తుంది.

మందారం మొగ్గలు విచ్చుకోకుండా పసుపు పచ్చగా మారి రాలుతుంటే ఒక రాలిన మొగ్గను తెల్ల కాగితం మీద పెట్టి బ్లేడుతో నిలువుగా కోయండి. లోపల సన్నటి, రెండు మిల్లీమీటర్ల పురుగులు కదులుతుంటే అది మొగ్గ ఈగ పిల్ల. ఆ పురుగు మొగ్గతో పాటు నేల మీద పడి, మట్టిలో దూరి, మళ్లీ ఈగై పైకొస్తుంది. అందుకే మందు చల్లడం కంటే రాలిన మొగ్గలను రోజూ ఏరి సంచిలో మూటకట్టి ఎండలో పెట్టడమే అసలు వైద్యం. కంపోస్టు గుంతలో వేస్తే మీరే పెంచినట్టు. లోపల పురుగు లేకుండా గోధుమ రంగు గీతలుంటే తామర పురుగులు. ఏదీ లేకుండా శుభ్రంగా ఉంటే నీళ్ల తేడా: ఒక వారం ఎండగట్టి, మరుసటి వారం ముంచేస్తే మొక్క ముందు వదులుకునేది మొగ్గల్నే. కుండీని చోటు మార్చినా రాలుతాయి.

లేత ఆకులు పసుపు, ఈనెలు పచ్చ: ఇనుపధాతు లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి. వారం తర్వాత మరోసారి. కొత్త ఆకు పచ్చగా వస్తే మీరు రోగాన్ని సరిగ్గా గుర్తించినట్టే. అసలు కారణం మట్టిలో సున్నమైతే పిచికారీ తాత్కాలికమే. ఒకవేళ పసుపెక్కేవి అడుగునున్న ముదురు ఆకులైతే ఇది కాదు, నత్రజని లోపమో వేళ్ల దగ్గర నీరు నిలవడమో అనుకోవాలి.

హైడ్రేంజియా కొన్నప్పుడు నీలం, రెండో ఏడు గులాబీ రంగు అంటే మోసపోయినట్టు కాదు. పుల్లటి నేలలో, పీహెచ్ 5.5 లేదా అంతకంటే తక్కువ ఉన్నప్పుడు మొక్కకు అల్యూమినియం అందుతుంది, పువ్వు నీలమవుతుంది. 6.5 దాటితే అది అందదు, గులాబీ రంగు వస్తుంది. తెల్ల రకాలకు ఇది వర్తించదు.

పురుగులు

పిండినల్లి, పేనుబంక కొద్దిగా ఉంటే పైపు నీటిని గట్టిగా కొట్టి రాల్చండి. మూడు రోజులకోసారి, రెండు వారాలు. మిగిలిన ముద్దలకు స్పిరిట్‌లో ముంచిన దూది. చీమలు ఎక్కకుండా చూడకపోతే ఇవన్నీ వృథా, అవి పిండినల్లిని ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు మోసుకెళతాయి. నేలను, గోడను తాకుతున్న కొమ్మలు తీసేస్తే వాటి దారులు సగం మూతపడతాయి.

ఇంకా ఎక్కువైతే వేపనూనె. లీటరు గోరువెచ్చటి నీటిలో ముందు 2 మిల్లీలీటర్ల ద్రవ సబ్బు కలిపి, తర్వాత 5 మిల్లీలీటర్ల నూనె పోస్తూ గిలకొట్టండి. సబ్బు లేకుండా పోస్తే నూనె పైన తేలి, ముందు ఒట్టి నీరు, ఆఖర్లో ఒట్టి నూనె పడి ఆకు మాడుతుంది. సాయంత్రం, తేనెటీగలు వెళ్లాక, ఆకు వెనక తడిసేలా కొట్టండి. వారం ఎడంతో మూడుసార్లు. ఎండ మండే రోజుల్లో వద్దు.

గులాబీ ఆకుల మీద అంచులు చెదిరిన నల్ల మచ్చలు వస్తే రాలిన ఆకులన్నీ ఏరేయండి, నీళ్లు ఆకుల మీద కాకుండా మొదట్లోనే పోయండి. తెగులు వచ్చే దారి తడి ఆకే.

కుండీలో పెంచేవారికి

కుండీ 14 అంగుళాలకు తగ్గకుండా ఉంటే మందారం, నందివర్ధనం, మరగుజ్జు నూరు వరహాలు, కాగితం పూలు హాయిగా పెరుగుతాయి. రెండు వంతుల తోటమట్టి, ఒక వంతు కంపోస్టు, ఒక వంతు ముతక ఇసుక. అడుగున గులకరాళ్ల పొర వేస్తే నీరు బాగా పోతుందన్నది అపోహ. మట్టికీ రాళ్లకూ మధ్య నీరు ఆగిపోయి తడి ఇంకా పైకి జరుగుతుంది. రంధ్రం మీద ఒక పెంకు ముక్క చాలు. రెండేళ్లకోసారి మొక్కను తీసి, మట్టిముద్ద చుట్టూ రెండంగుళాలు కోసేసి, కొత్త మట్టితో అదే కుండీలో పెట్టండి.

ఒక మొక్క నుంచి పది మొక్కలు

మందారం, నందివర్ధనం, గన్నేరు కొమ్మతో సులువుగా వస్తాయి. పెన్సిలు లావు, పూర్తిగా లేతదీ కాని, ముదురుదీ కాని 15 సెంటీమీటర్ల ముక్క తీసుకుని, అడుగు కణుపుకు కాస్త కింద కోసి, పైన రెండు ఆకులు ఉంచి మిగతావి తీయండి. నందివర్ధనం, గన్నేరు కోతల నుంచి పాలు కారడం ఆగేదాకా ఉంచండి. గన్నేరు పాలు చేతికీ కంటికీ తగలనీయొద్దు. ఇసుక, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపిన కుండీలో మూడో వంతు గుచ్చి నీడలో పెట్టి, పైన పారదర్శకమైన సంచి కప్పండి. నాలుగు నుంచి ఆరు వారాల్లో వేరు పడుతుంది. చిగురు వచ్చినంత మాత్రాన వేరు వచ్చినట్టు కాదు. కొమ్మలో దాచుకున్న బలంతోనే చిగురేస్తుంది. మెల్లగా పైకి లాగి చూడండి, ఎదురు లాగితేనే వేరు పడినట్టు.

మల్లెకు నేల అంట్లు ఇంకా నమ్మకం. కిందికి వంగే కొమ్మను ఎంచుకుని, ఒక కణుపు కింద చిన్న గాటు పెట్టి, ఆ భాగాన్ని 5 సెంటీమీటర్ల లోతున మట్టిలో పూడ్చి పైన రాయి పెట్టండి. కొమ్మ చివర బయటే ఉండాలి. రెండు మూడు నెలలు ఆ మట్టి ఎండనీయొద్దు. వేరు పడిందని తెలిశాక ఒకేసారి తెంపొద్దు. తల్లి వైపు కొమ్మను సగం మందం దాకా కోసి పది రోజులు వదిలి, తర్వాత పూర్తిగా కోసి, ఇంకో వారం అక్కడే ఉంచి అప్పుడు మట్టితో సహా ఎత్తి నాటుకోండి.